స్టూడియో బోర్డు మీది పేరు

ఫోటోగ్రఫీ పుట్టి ఇరవై ఏళ్లు నిండకముందే ఒక స్టూడియో పేరు కోసం ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకెక్కారు. పారిస్‌లో గాస్పార్ ఫెలిక్స్ టూర్నషాన్ వ్యంగ్య చిత్రకారుడు. స్నేహితులు సరదాగా అంటగట్టిన నాదార్ అనే మారుపేరుతో పత్రికల్లో బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. తమ్ముడు అద్రియెన్‌కు ఒక బతుకుతెరువు చూపించాలని తనే డబ్బు పెట్టి ఫోటోగ్రఫీ నేర్పించాడు. కొన్నాళ్లకు తమ్ముడు తన ఫోటోల మీద ‘చిన్న నాదార్’ అని సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. అన్న ఒప్పుకోలేదు, తమ్ముడు మానలేదు. వ్యాజ్యం సాగి సాగి 1857లో తేలింది: నాదార్ అన్న పేరు ఫెలిక్స్ ఒక్కడిదే. 1860లో అతను కపుసీన్ వీధిలో కొత్త స్టూడియో తెరిచినప్పుడు భవనం ముందు వైపంతా పరుచుకునేలా తన సంతకాన్నే ఎర్రటి పెద్ద అక్షరాలతో పెట్టించాడు. రాత్రిళ్లు అది గ్యాసు దీపాలతో వెలిగేది.

ఆ తగాదా అంత దూరం వెళ్లడానికి కారణం ఆ వృత్తిలోనే ఉంది. కటకం, రసాయనాలు, కాగితం డబ్బున్న ఎవరికైనా అంగట్లో దొరుకుతాయి. ఫోటో దిగడానికి వచ్చే మనిషి మాత్రం ఫలితం చూడకముందే తన ముఖాన్ని ఎదుటివాడి చేతిలో పెట్టాలి. అప్పటికి అతను నమ్ముకోగలిగింది పేరు ఒక్కటే. అందుకే స్టూడియో పేరు మొదటినుంచీ ఆస్తి. ఏ కాలంలో ఎలాంటి పేరు నిలిచిందన్నది మాత్రం ఆ పేరు ఎక్కడ అచ్చుపడుతుందన్న దాన్నిబట్టి మారుతూ వచ్చింది. అట్ట మీద, గాజు పలక మీద, వీధి బోర్డు మీద, ఫోటో వెనక రబ్బరు స్టాంపులో, ఇప్పుడు ఫోను తెర మీద. స్థలం మారినప్పుడల్లా పేరు తీరూ మారింది.

మొదటి స్థలం అట్ట. 1854లో పారిస్‌లోనే డిస్డెరి అనే ఫోటోగ్రాఫర్ ఒకే గాజు పలక మీద అనేక చిన్న ఫోటోలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. వాటిని కత్తిరించి విజిటింగు కార్డంత అట్టలకు అంటించేవారు. ఖర్చు తగ్గింది. బంధువులకు, స్నేహితులకు ఫోటోలు పంచుకోవడం, వాటిని ఆల్బంలో దాచుకోవడం ఐరోపాలో ఒక వేలంవెర్రిగా మారింది. అట్ట ముందు వైపు అడుగున సన్నగా, వెనక వైపు నిండుగా స్టూడియో పేరు, వీధి, ఊరు, గెలుచుకున్న పతకాలు, ఆదరించిన రాజుల చిహ్నాలు ఉండేవి. నెగెటివ్ భద్రపరిచామని, కాపీలు ఎప్పుడైనా దొరుకుతాయని కూడా చాలామంది అచ్చువేసేవారు. ఫోటో ఏ ఇంటికి వెళితే స్టూడియో పేరూ ఆ ఇంటికి వెళ్లేది. అంత దూరం ప్రయాణించే పేరుకు పూర్తి ఇంటిపేరు, ఊరిపేరు అవసరమయ్యాయి.

భారతదేశానికి ఈ విద్య త్వరగానే వచ్చింది. 1840లోనే కలకత్తా పత్రికల్లో దిగుమతి కెమెరాల ప్రకటనలు పడ్డాయి. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తా, మద్రాసుల్లో ఫోటోగ్రఫీ సంఘాలు ఏర్పడ్డాయి. వ్యాపారం పెట్టిన తెల్లవాళ్లు తమ దేశపు అలవాటు ప్రకారం ఇంటిపేర్లే బోర్డెక్కించారు. ఇద్దరు భాగస్వాములుంటే రెండు ఇంటిపేర్ల మధ్య ఒక ‘అండ్’. కలకత్తాలో జాన్‌స్టన్ అండ్ హాఫ్‌మన్, మద్రాసులో నికొలస్ అండ్ కంపెనీ, వీలె అండ్ క్లైన్. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అక్కడి జమీందార్లకు, వకీళ్లకు మంచి ఫోటో అంటే రాజధానికి పోయి దిగేదే.

ఇంటిపేర్లు బోర్డెక్కించే ఆ పద్ధతికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ బోర్న్ అండ్ షెపర్డ్. ఇంగ్లండులో బ్యాంకు ఉద్యోగం వదిలేసి శామ్యూల్ బోర్న్ 1863లో భారతదేశం వచ్చాడు. కలకత్తాలో అప్పటికే స్టూడియో ఉన్న విలియం హోవర్డ్‌తో కలిసి సిమ్లాలో ‘హోవర్డ్ అండ్ బోర్న్’ మొదలుపెట్టాడు. ఆగ్రాలో పనిచేసిన చార్లెస్ షెపర్డ్ చేరాక అది ‘హోవర్డ్, బోర్న్ అండ్ షెపర్డ్’ అయింది. హోవర్డ్ తప్పుకున్నాక ‘బోర్న్ అండ్ షెపర్డ్’గా మిగిలింది. కొన్నేళ్ల వ్యవధిలో మూడు పేర్లు. భాగస్వామ్యం మారినప్పుడల్లా బోర్డు తిరగరాశారన్నమాట. విచిత్రమేమిటంటే 1870లో బోర్న్ ఇంగ్లండు వెళ్లిపోయాక పేరు మళ్లీ మారలేదు. షెపర్డ్ కూడా వెళ్లిపోయాడు, యాజమాన్యం ఎన్నో చేతులు మారింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అయినా 2016లో కలకత్తా స్టూడియో మూతపడేదాకా బోర్డు మీద ఆ ఇద్దరి పేర్లే ఉన్నాయి.

కొనుక్కున్నవాళ్లు ఆ పేరును అలా అంటిపెట్టుకోవడంలో అర్థముంది. వాళ్లు గదులతోపాటు వేల నెగెటివ్‌లు కూడా కొన్నారు. జాబితాలో నంబరు చూసి హిమాలయాల దృశ్యమో తాజ్‌మహలో కావాలని రాసే కొనుగోలుదారుకు ఆ నంబరు పక్కన కనిపించాల్సింది బోర్న్ అండ్ షెపర్డ్ అన్న మాటే. పేరు మారిస్తే ఆ నెగెటివ్‌ల విలువ సగం పోయేది. 1911 ఢిల్లీ దర్బారు ఫోటోలు తీసే అధికారిక బాధ్యత ఆ సంస్థకు దక్కిందంటే, అప్పటికి నలభై ఏళ్ల కిందటే దేశం వదిలిపోయిన బోర్న్ సంపాదించిన పరపతి అందులో కొంతయినా పనిచేసి ఉండాలి. 1991లో అగ్నిప్రమాదంలో ఆ నిధి చాలావరకు కాలిపోయింది. ఆ తరవాత పాతికేళ్లు సంస్థను నిలబెట్టిన వాటిలో పేరుదే పెద్ద వాటా.

భారతీయులు స్టూడియోలు తెరిచినప్పుడు రెండు దారులు పట్టారు. బొంబాయిలో హరిశ్చంద్ర చింతామణ్ లాంటివాళ్లు సొంత పేరు మీదే పనిచేశారు. కలకత్తాలో నీలమాధవ్ డే 1862లో పెట్టిన స్టూడియోకు ‘బెంగాల్ ఫోటోగ్రాఫర్స్’ అని ప్రాంతం పేరు పెట్టాడు. తెల్లవాళ్ల ఇంటిపేర్లు వరసగా ఉన్న వీధిలో సొంత ఇంటిపేరు పక్కన పెట్టి ప్రాంతాన్ని ముందు నిలపడం తెలివైన ఎంపిక. యజమాని ఎవరో తెలియకపోయినా ఆ పేరు చదివినవాడికి పెద్ద సంస్థ అనిపిస్తుంది. కొందరు ఇంటిపేరునే కొద్దిగా మలిచారు. శ్రీనగర్‌లో 1915లో అమర్‌నాథ్ మెహతా మొదలుపెట్టిన స్టూడియో ‘మహట్టా’ పేరుతో వెలిసి, తరవాత ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో స్థిరపడింది.

తెలుగు నేలకు సంబంధించి ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసినవాడు దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు. ఉద్యోగం వదిలి హైదరాబాదు రాజ్యానికి వచ్చి 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో పెట్టాడు.

ఆయన పేరు పెరిగిన క్రమం స్టూడియో పేర్ల చరిత్రకు ఒక పాఠం లాంటిది. మొదట దీన్ దయాళ్, గౌరవవాచకం ముందు చేరి లాలా దీన్ దయాళ్. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ పనిలో దిగాక ‘అండ్ సన్స్’ వెనక చేరింది. 1894లో నిజాం ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాక ‘రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్’ అయింది. ఆ ఐదు మాటల్లో దొర ఆదరణ ఉంది, మనిషి ఉన్నాడు, అతని తరవాత వ్యాపారం సాగుతుందన్న భరోసా ఉంది. వైస్రాయి డఫరిన్, విక్టోరియా రాణి ఇచ్చిన నియామకాలు అట్టల మీద చిహ్నాలుగా వచ్చి చేరాయి. అప్పట్లో హైదరాబాదు అమీరు ఒకడు ఫోటో దిగబోతే స్టూడియో గురించి తెలుసుకోవలసినదంతా ఆ అట్టే చెప్పేది.

అట్టతో పాటు గాజు పలక మీదా ఆయన పేరుండేది. నెగెటివ్ అంచున నల్ల సిరాతో పేరు, వరస నంబరు రాస్తే, కాంతి ఆ సిరాలోంచి పోదు కాబట్టి అచ్చు తీసిన కాగితం మీద అవి తెల్లగా పడతాయి. అట్టను చించేసినా ఫోటో లోపలి పేరు పోదు. ఇవాళ ఫోటో మూలన కనిపించే వాటర్‌మార్కుకు ఇదే పూర్వరూపం. ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో ఆయన కుటుంబం నుంచి సేకరించిన గాజు నెగెటివ్‌లు 2,857. వాటిని గుర్తించి వరసపెట్టడంలో ఆ నంబర్ల రాత చేసిన మేలు చాలా పెద్దది. దీన్ దయాళ్ 1905లో మరణించాడు.

రాజుల ఆదరణ ఉన్నా లేకపోయినా రాజసం ధ్వనించే పేర్ల మీద మోజు తరవాత కూడా తగ్గలేదు. దానికి చట్టం అడ్డుకట్ట వేసింది. 1932 భారత భాగస్వామ్య చట్టం 58వ సెక్షను ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప భాగస్వామ్య సంస్థ పేరులో క్రౌన్, ఎంపరర్, ఎంపైర్, ఇంపీరియల్, కింగ్, క్వీన్, రాయల్ లాంటి మాటలు ఉండకూడదు. అయితే భాగస్వామ్యం నమోదు చేయించుకోవడం తప్పనిసరి కాదు. ఒక్కడే యజమాని అయితే ఆ చట్టం వర్తించనే వర్తించదు. ఊరి స్టూడియోల్లో ఎక్కువ భాగం ఒక్కడివే. రాయల్ ఫోటో స్టూడియోలు దేశమంతా వెలిసి నిలిచాయంటే కారణం ఇదే. స్వాతంత్ర్యం తరవాత 1950లో వచ్చిన మరో చట్టం జాతీయ చిహ్నాలను, గాంధీ పేరును, రాష్ట్రపతి, ప్రధానమంత్రి పేర్లను వ్యాపారానికి వాడకుండా నిషేధించింది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో తెలుగు పట్టణాల్లో స్టూడియో ఒక మామూలు దుకాణమైంది. ముందు గదిలో అద్దాల బీరువాలో ఫ్రేములు, లోపల కొండలో సరస్సో గీసిన తెర, పక్కన దువ్వెన, పౌడరు డబ్బా, వెనక డార్క్ రూమ్. ఈ దుకాణాల పేర్లలో ఫోటోగ్రాఫర్ ఇంటిపేరు దాదాపు కనిపించదు. శ్రీ వెంకటేశ్వర, లక్ష్మీ, సాయి, కనకదుర్గ అని ఇష్టదైవం. కూతురు పేరో కొడుకు పేరో. జ్యోతి, కిరణ్, ప్రకాష్ అంటూ వెలుగును తలపించేవి. చిత్ర, ఛాయ, రూప, కళ అంటూ బొమ్మను తలపించేవి. తెలంగాణలో ఉర్దూ మాటలూ కలిసేవి, హైదరాబాదులో బోర్డు మూడు లిపుల్లో రాయించడం మామూలు. పేరులో మొదటి అక్షరాన్ని యజమాని జన్మనక్షత్రాన్నిబట్టో, సంఖ్యాశాస్త్రం చూసో నిర్ణయించడం కూడా ఉండేది, ఇప్పటికీ ఉంది.

ఇంటిపేరు ఎందుకు జారిపోయిందన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. తెలుగువాళ్ల ఇంటిపేరు కులాన్ని, ఊరిని పట్టిస్తుంది. అన్ని కులాలవాళ్లూ గడప తొక్కాల్సిన దుకాణానికి దేవుడి పేరో వెలుగు పేరో పెడితే ఎవరూ వెనకాడరు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందన్న భయం కూడా పల్లెల్లో చాలాకాలం ఉండేది. వెంకటేశ్వరస్వామి పేరున్న గదిలో ఆ జంకు కొంత తగ్గి ఉంటుంది. పైగా ఆ పేరు దూరం ప్రయాణించాల్సిన పని లేదు. పక్క పట్టణంలో ఇంకో వెంకటేశ్వర స్టూడియో ఉన్నా ఎవరికీ చిక్కు రాదు, బస్సు ఎక్కేంత దూరమే సరిహద్దు. జనం నోట ఎలాగూ అది బస్టాండు స్టూడియో, సినిమాహాలు పక్క స్టూడియో. పేరు నిజంగా పనికొచ్చేది ఫోటో వెనక వేసే రబ్బరు స్టాంపులో. స్టూడియో పేరు, ఊరు, చేత్తో రాసిన నెగెటివ్ నంబరు. పదేళ్ల తరవాత తాతగారు పోయినప్పుడు పెద్ద సైజు ఫోటో కట్టించాలంటే ఆ స్టాంపు చూసే వెళ్లేవారు. గుండ్రటి స్టాంపులో పట్టాలి కాబట్టి రెండు మూడు అక్షరాల పేర్లు బాగా కుదిరాయి.

ఈ దుకాణాల పేర్లలో మొదటి భాగం తరతరాలు నిలిచేది, చివరి భాగం కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా మారేది. మొదట ‘ఆర్ట్ స్టూడియో’. నలుపు తెలుపు ఫోటోకు రంగులద్దే చిత్రకారుల కాలం నాటి మాట అది. తరవాత ‘ఫోటో స్టూడియో’, పెళ్లి క్యాసెట్లు వచ్చాక ‘ఫోటో అండ్ వీడియో’, యంత్రం మీద రంగుల ప్రింట్లు వచ్చాక ‘కలర్ ల్యాబ్’, 2000 తరవాత ‘డిజిటల్స్’. బోర్డులోని ఆ చివరి మాట చూస్తే ఆ దుకాణం ఎప్పుడు చివరగా పెట్టుబడి పెట్టిందో చెప్పవచ్చు.

కలర్ ల్యాబ్ కాలంలో ఇంకో మార్పు వచ్చింది. స్టూడియో సొంత పేరు కన్నా ఫిల్ము కంపెనీ పేరు బోర్డు మీద పెద్దదయింది. ఆ కంపెనీలు తమ పేర్లను స్టూడియో యజమానుల కన్నా చాలా ఆలోచించి పెట్టుకున్నాయి. జార్జి ఈస్ట్‌మన్ 1888లో నమోదు చేయించిన ‘కోడాక్’కు ఏ భాషలోనూ అర్థం లేదు. పొట్టిగా ఉండాలి, ఎవరు పలికినా చెడకూడదు, ఇంకే వస్తువునూ తలపించకూడదు అని ఆయన నియమాలు పెట్టుకున్నాడు. కె అక్షరమంటే ఆయనకు ఇష్టం, అందుకే అది రెండు చివర్లా నిలిచింది. జపానులో 1934లో తయారైన తొలి నమూనా కెమెరాకు కరుణాదేవత పేరు మీద ‘క్వానన్’ అని పెట్టి, ప్రపంచ విపణి కోసం మరుసటి ఏడాదే ‘క్యానన్’గా మార్చారు. దూరదేశాలకు వెళ్లాల్సిన పేరు దేవత పేరును వదులుకుంది; ఊరు దాటాల్సిన అవసరం లేని తెలుగు స్టూడియో దాన్ని నిలుపుకుంది. ఊటీలో ప్రభుత్వం 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తన ఫిల్ముకు ‘ఇందు’ అని పేరు పెట్టింది. అది దేశంలో చాలామందికి అర్థమయ్యే మాట, నలుపు తెలుపు ఫోటోలు తీసినవాళ్లందరికీ గుర్తున్న పేరు.

పసుపు రంగు కోడాక్ బోర్డు, ఆకుపచ్చ ఫ్యూజి బోర్డు, కొనికా బోర్డు కంపెనీలే ఇచ్చేవి. వాటి కింద దుకాణం పేరు చిన్న అక్షరాల్లో ఉండేది. రంగు వెలిసిపోదన్న నమ్మకాన్ని కంపెనీ పేరు కలిగించింది, గిరాకీ పెరిగింది. కానీ అది అరువు పేరు. 2005లో జర్మనీలో ఆగ్ఫాఫోటో దివాలా తీసింది. కొనికా మినోల్టా 2006లో కెమెరాలు, ఫిల్ముల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోరింది. చిన్న అక్షరాల్లో దాగిన సొంత పేరు జనానికి గుర్తులేక, పెద్ద అక్షరాల పేరుకు విలువ పోయి, ఈ దుకాణాలు రెండు విధాలా నష్టపోయాయి. ఆ పదేళ్లలో మూతపడిన ల్యాబుల గురించి చెప్పేవాళ్లు సెల్‌ఫోను కెమెరానే తప్పు పడతారు. పేరు చేజార్చుకోవడం కూడా ఆ నష్టంలో భాగమే.

ఇప్పటి పెళ్లి ఫోటోగ్రాఫర్లలో చాలామందికి దుకాణమే లేదు. కెమెరా, డ్రోను, లాప్‌టాప్ ఇంట్లోనే ఉంటాయి, ఆల్బం వేరే ఊళ్లో అచ్చవుతుంది. దుకాణం లేకపోవడంతో ఫోటోగ్రాఫర్ సొంత పేరు మళ్లీ ముందుకొచ్చింది. ఇంటిపేరు మాత్రం రాలేదు. పెట్టుడు పేరు వెనక ‘ఫోటోగ్రఫీ’, ‘ఫ్రేమ్స్’, ‘ఫిల్మ్స్’, ‘స్టోరీస్’ అన్న మాటల్లో ఏదో ఒకటి చేరుతోంది. పెళ్లివారు ఇవాళ కొంటున్నది ఒక మనిషి చూపును, అతను స్వయంగా మండపానికి వస్తాడన్న హామీని. ఈ పద్ధతికి ఇబ్బంది కూడా ఉంది. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పుకుని ఒకదానికి సహాయకుణ్ని పంపితే, బోర్డు మీదున్న మనిషి రాలేదేమని అడుగుతారు. నలుగురైదుగురు కలిసి పనిచేసే బృందాలు అందుకే మనిషి పేరు లేని పేరు వెతుక్కుంటున్నాయి.

ఫోను తెర మీద పాత సరిహద్దు చెల్లదు. 2010లో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా పేరు 30 అక్షరాలు దాటకూడదు, ప్రపంచం మొత్తం మీద ఒకే పేరు ఇద్దరికి ఉండకూడదు. అక్షరాలు, అంకెలు, చుక్క, అడుగుగీత మాత్రమే వాడాలి. ఊరికొకటి చొప్పున ఇబ్బంది లేకుండా బతికిన సాయి స్టూడియోలన్నీ ఇక్కడ ఒకే వరసలో నిలబడ్డాయి. ముందొచ్చినవాడికి శుద్ధమైన పేరు దక్కింది, తరవాతివాళ్లు ఊరి పేరో సంవత్సరమో తగిలించుకున్నారు. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలన్నదీ ఒక సమస్య అయింది. ఛాయ అన్న చిన్న మాటకే మూడు నాలుగు వర్ణక్రమాలు ఉన్నాయి. వెతికేవాడు ఏది టైపు చేస్తాడో తెలియదు.

ట్రేడ్‌మార్కు చట్టం కూడా ఆలస్యంగానే ఇటు చూసింది. సేవలకు పెట్టిన పేర్లను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకునే వీలు భారతదేశంలో 1999 చట్టంతో వచ్చింది, అది 2003 సెప్టెంబరు 15న అమల్లోకొచ్చింది. ఫోటోలు తీయడం 41వ తరగతి సేవ, ఫిల్ము కడగడం, ప్రింట్లు వేయడం 40వ తరగతి. పనిని వర్ణించే మాటలు మాత్రమే ఉన్న పేరు సాధారణంగా నమోదుకు నిలవదు; ‘డిజిటల్ ఫోటో స్టూడియో’ అన్న మాటల మీద ఎవరికీ హక్కు రాదు. పవిత్ర గ్రంథాల పేర్ల మీద గుత్తాధికారం కుదరదని 2015లో ‘రామాయణ్’ అగరుబత్తీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దేవుడి పేరొక్కటే పెట్టుకున్న స్టూడియోకు కూడా దాన్ని తనది మాత్రమేనని పట్టుబట్టడం కష్టమే. సొంత పేరును నిజాయితీగా వాడుకునే మనిషిని మాత్రం, అదే పేరు వేరొకరు నమోదు చేయించుకున్నా, చట్టంలోని 35వ సెక్షను కాపాడుతుంది. నమోదు లేకపోయినా ముందునుంచి వాడుతున్నవాడి హక్కును 34వ సెక్షను గుర్తిస్తుంది. అలాంటి తగాదాలో ముందెవరు వాడారో రుజువు చేయాల్సి వస్తే పాత బిల్లు పుస్తకాలు, ఆల్బం అట్టలు, స్టాంపు వేసిన పాత ఫోటోలు సాక్ష్యంగా పనికొస్తాయి.